అదనపు మనిషి

ఇంట్లో మనిషి ధనిష్ఠా నక్షత్రంలో పోతే, తాళం పడిన ఆ ఇంటికి ఆరు నెలల అద్దె ఎవరు కట్టాలి?

మార్కాపురంలో ఆ వీధి పెద్దలు ఈ ప్రశ్న ముందు గంటన్నర కూర్చున్నారు. రెండుసార్లు టీ తెప్పించుకున్నారు.

ప్రశ్న వేసినవాడు ఇంటి యజమాని నరసింహం. పై అంతస్తులో తానుంటాడు, కింది భాగం అద్దెకిచ్చాడు. తలకు తువ్వాలు బిగించి కట్టుకొని, చేతిలో పొడవాటి పుస్తకంతో మూడో మెట్టు మీద కూర్చున్నాడు. మిగతావాళ్లు నేల మీద ఉన్నారు. పంచాయితీలో కూడా జానెడు ఎత్తు వదులుకోలేని మనుషులుంటారు.

ఎదురుగా అద్దెకుంటున్న ధనుంజయ నిలబడ్డాడు. అర్ధవీడు నుంచి వచ్చి పలకల ఫ్యాక్టరీలో రాయి కోస్తాడు. షిఫ్టు దిగి నేరుగా వచ్చాడేమో, ఒత్తైన జుట్టు నిండా పలకరాతి పొడి. పక్కనే అతని భార్య సునీత.

ముసలి మాలకొండమ్మ పోయి ఆ రోజుకు పన్నెండు రోజులు. ముందురోజే కర్మ ముగిసింది. కింది భాగంలో, వంటగది పక్కన నవారు మంచం మీద, సునీత పోసిన రెండు చెంచాల నీళ్లు గొంతులో ఉండగానే ప్రాణం పోయింది. పద్నాలుగు నెలలు ఆమెకు ఒళ్లు తుడిచిందీ, జావ తాగించిందీ, పక్కబట్టలు ఉతికిందీ సునీతే. మెట్ల మీద చెప్పుల చప్పుడైన ప్రతిసారీ ముసలామె తలెత్తి గుమ్మం వైపు చూసేది. చెప్పులు ఆగకుండా వెళ్లిపోయేవి.

"పంతులు గడియలతో సహా లెక్క కట్టినాడు. ధనిష్ఠే. ఆర్నెల్లు తాళం వేయాల్సిందే," అన్నాడు నరసింహం. "నెలకు ఆరు వేలు. మొత్తం ముప్పై ఆరు. మీ అడ్వాన్సు నలభై. మిగిలిన నాలుగు వేలు సున్నానికీ శాంతికీ సరి. రేపు పొద్దునకంతా ఖాళీ చేయండి."

"పిల్లలకు పరీక్షలు మామా," అంది సునీత. "ఆ అడ్వాన్సు చేతికొస్తే గదా ఇంకో ఇంట్లో చేరేది? వీధిలో కూర్చోమంటారా?"

"అది నన్నడిగితే ఎట్ల? నష్టం ఎవరివల్ల వచ్చిందో వాళ్లే భరించాల."

"మావల్ల వచ్చిందా? అవ్వకు గొంతు దిగడం లేదని ముందురోజే మీకు చెప్పినా గదా!"

"చెప్పినావు. ఆస్పత్రిలో వేసుంటే అక్కడే పోయుండేది. ఇల్లు మూసే పనే ఉండేది కాదు. మీ ప్రేమలకు నా ఇల్లే దొరికిందా?"

ఆ మాట అన్నాక కూడా అతని గొంతు మామూలుగానే ఉంది. విన్నవాళ్లే నేల చూపులు చూశారు.

ధనుంజయ ఒక అడుగు ముందుకు వేశాడు. "అసలు అవ్వ ఎవరి..."

"అబ్బాయా, పాత సంగతులు తవ్వొద్దు," అని పెద్దమనిషి మధుసూదన్ చెయ్యెత్తాడు. ఆయనది సిమెంటు దుకాణం. నరసింహం కడుతున్న రెండో ఇంటికి సిమెంటు ఆ దుకాణం నుంచే పోతోంది. "అద్దె సంగతేందో అది మాట్లాడు."

"అద్దె సంగతే అన్నా. మేం ఎక్కని మెట్లకు ఊడ్చే ఛార్జీ అన్నాడు, కట్టినాం. నీళ్ల ట్యాంకరుకు, నలుగురికి మించితే మనిషికి మూడు వందలన్నాడు. మేం నలుగురం. అవ్వ ఐదో మనిషి. ఒకటో తేదీ వచ్చిందంటే ఫోన్లో వేసినాం. ఒక్క నెలన్నా తప్పినామేమో అడుగు."

నరసింహం పుస్తకం తెరిచి అందరికీ చూపించాడు. దస్తూరి ముత్యాల్లా ఉంది. పద్నాలుగు నెలలకు పద్నాలుగు వరుసలు: అదనపు మనిషి, మూడు వందలు. ఒక్క వరుసలోనూ పేరు లేదు.

"తప్పినారని నేనన్నానా?" అన్నాడు తీర్పు చెబుతున్న ధోరణిలో. "మార్కాపురంలో నీళ్లు ఊరికే వస్తాయేంది?"

"పోనీ, శాంతి ఖర్చు మేమే పెట్టుకుంటాం. అడ్వాన్సులో సగమన్నా ఇయ్యి మామా," అన్నాడు ధనుంజయ.

"ఈ రోజు సగమంటావు. రేపు ఇంకొకడు వచ్చి మొత్తం మాఫీ అంటాడు. నాది ధర్మసత్రమా?"

మధుసూదన్ గొంతు సవరించుకున్నాడు. శాస్త్రాన్ని ఎవరూ కాదనలేరన్నాడు. ఇల్లు కట్టుకున్నవాడు నష్టపోవడం న్యాయం కాదన్నాడు. చివరికి సునీత వైపు తిరిగి, ఆడపిల్లకు హితవు చెబుతున్నంత మెత్తగా, "ఈసారికి సర్దుకోండమ్మా," అన్నాడు. సిమెంటు బస్తాల లెక్క తెలిసిన గొంతులకు ఆ మెత్తదనం అలవాటే.

సునీత ఏడవలేదు. లోపలికి వెళ్లి నవారు మంచాన్ని ఒక్కతే ఈడ్చుకొచ్చి మెట్ల దగ్గర నిలబెట్టింది.

"ఇది మాది కాదు మామా. అవ్వతోపాటు వచ్చింది. మీరే ఉంచుకోండి."

"మైల మంచం నాకెందుకు? బయట పారెయ్."

పైసా బాకీ లేదనే కాగితం తయారైంది. ధనుంజయ వేళ్ల పొడి అంటుకొని అతని సంతకం బూడిద రంగులో పడింది. తరువాత తన సంతకం పెట్టడానికి నరసింహం వంగాడు. తువ్వాలు జారి పుస్తకం మీద పడింది.

ముందురోజు తన కన్నతల్లి మాలకొండమ్మ కర్మకు గొరిగించుకున్న ఆ గుండును సరిగ్గా చూసి, ఆ ఆరు నెలల అద్దె ఎవరు కట్టాలో ఇప్పుడు మీరు చెప్పండి.