పెట్రోలు ముల్లు

మెకానిక్ దండపాణి ట్యాంకులోంచి పెట్రోలు మట్టం చూపే ఫ్లోటు తీసి పైకెత్తాడు. పాత మోరిస్ కారులో పెట్రోలు ముల్లు ‘ఫుల్’ గీతకు లేచింది. దించితే సున్నాకు పడింది.

“ముల్లు బాగానే ఉండాది మామా. ట్యాంకూ కారలేదు.”

“నిన్న నేనే నింపించినాను గదరా,” అన్నాడు సుదర్శనం. “తెల్లారేసరికి యాడికి పోతాది?”

“మూత బీగానికి చెవి ఎవురి కాడుండాది?”

సుదర్శనం మగ్గం పుల్లను ట్యాంకులోకి దించాడు. పొడిగానే వచ్చింది.

తాళంచెవులు రెండే. ఒకటి ఆయన మొలతాడుకుంది. రెండోది తమ్ముడు పళని దగ్గరుంది. చెరో మగ్గం అమ్మి ఇద్దరూ కలిసి కొన్న కారు.

“పళనిని అడగరాదా మామా?”

“అడిగితే రేపటినించి ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టాల.”

సుదర్శనం ముల్లు వైపు వేలు చూపాడు.

“దాని తీగ కోసెయ్‌రా. ముల్లే చెడిపోయిందని అనుకుంటాను.”