తొమ్మిదో జోన్

చివరి రోజు మా ఆవిడ మాణిక్యాంబ రెండు ఇడ్లీలు తిని, నా షుగరు మాత్రలు నా చేతిలో పెట్టి, మధ్యాహ్నం నిద్రలోనే పోయింది.

పెద్దకర్మ అయ్యాక, మా మిల్లుకీ ఇంటికీ దొంగల అలారం బిగించిన తాతాజీని పిలిచాను. చుట్టాల కోసం పూతరేకులు దాచే అలమరాకి మా ఆవిడ పెట్టించిన సెన్సారు తీసేయమన్నాను. తలుపు తీస్తే సైరన్ మోగి మండపేటంతా లేస్తుందని ఇన్నేళ్లూ భయపడ్డాను.

తాతాజీ నవ్వాడు. "దానికసలు వైరే లేదండి. ఈ ప్యానెల్‌లో ఎనిమిది జోన్లే, తలుపుకొకటి చొప్పున. మిల్లు తలుపులకీ ఇంటి తలుపులకీ అయిపోయాయి. అదనపు బోర్డు కూడా పట్టదండి. ఆ మాటే చెబితే అమ్మగారు, 'ఉత్త డబ్బా అంటించెయ్యి నాయనా, ఆయన ధైర్యం నాకు తెలుసు' అన్నారండి."

రేపు పొద్దున్నే బియ్యం గొడౌన్ వైరు పీకించి, ఆ జోన్ అలమరాకి ఇప్పిస్తాను.