సగం పెన్షన్

"మేడమ్, అమెరికాలో మొగుడు సచ్చిపోతే పెండ్లానికి పెన్షన్ ఎన్నేండ్లిస్తారు?"

కారు అల్ సద్ సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. అనంతలక్ష్మి నోట్సులోంచి తలెత్తింది.

ఆమె దోహాలో ఒక అమెరికన్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. అమెరికా ప్రభుత్వం తన పేదల్ని ఎలా చూసుకుందో, ఇప్పుడెలా చూస్తోందో చెప్పే పాఠం. డ్రైవర్ పెద్దన్నది రాయచోటి దగ్గర పల్లె. దారిలో ఆమె పాఠం పైకి చదువుకుంటుంటే, తెలుగులో చెప్పమని అడిగేవాడు.

"బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా బిడ్డ పేరున వస్తుంది. తల్లికి అంతకన్నా ముందే ఆగిపోతుంది."

"ఆమె మళ్లా పెండ్లి చేసుకుంటే?"

"సాధారణంగా ఆమెది ఆపేస్తారు. బిడ్డది ఆపరు."

"అది మంచి పద్ధతే," అన్నాడు పెద్దన్న, కాస్త ఆలోచించి.

ఇంకోరోజు ఆమె వందేళ్ల కిందటి సంగతి చెప్పింది. సాయం అందుకునే తల్లుల ఇళ్లకు తనిఖీవాళ్లు వచ్చేవారు.

"ఏం సూసేదానికి?"

"ఆమె సాయానికి తగిన మనిషేనా అని."

"బువ్వ తినేదానికి గూడా తగినోళ్లై ఉండల్లా మేడమ్?"

ఆమె నవ్వేసింది.

ఒక గురువారం కాలేజీ ముందు దిగబోతుంటే పిలిచాడు.

"ఒక కాయితం రాసియ్యండి మేడమ్, ఇంగ్లీషులో. ఈ ఆరు నెల్లు పెన్షన్ సగమే వస్తాదని. కాలేజీ ముద్ర ఉంటే నమ్ముతాది."

"ఎవరు?"

"మాబున్నీసా అని, మా పక్క ఊరామె. ఆమె మొగుడు రసూల్ ఈడ్నే సచ్చిపాయె. కంపెనీ పెన్షన్ నా చేత్తోనే పంపుతాండా."

"మరి మిగతా సగం?"

పెద్దన్న స్టీరింగ్ మీది దుమ్ము తుడవసాగాడు.

"కాయితం వద్దులెండి మేడమ్," అన్నాడు.

అనంతలక్ష్మికి ఒళ్లు మండింది. మొగుడు పోయిన ఆడమనిషి సొమ్ము తింటున్నాడు! ఇన్నాళ్ల ప్రశ్నలన్నీ ఇందుకేనా?

ఆ మధ్యాహ్నమే అతని కార్ల కంపెనీకి ఫిర్యాదు రాసింది. 'దొంగ' అనే మాట కూడా వాడింది.

ఆదివారం కొత్త డ్రైవర్ వచ్చాడు. గంగాప్రసాద్, నిజామాబాద్ వైపు మనిషి. పెద్దన్న వీసా రద్దు చేసి ఇంటికి పంపేశారని రెండు వారాలకు అతనే చెప్పాడు.

"పోయేటప్పుడు మిమ్మల్ని ఒక్క మాట అన్లే మేడమ్."

ఆ వారం తనిఖీల పాఠం చెబుతుంటే ఆమె మాట తడబడింది.

కనీసం మాబున్నీసాకైనా న్యాయం జరగాలి. పెద్దన్నను ఎరిగిన గంగాప్రసాద్ దగ్గర ఆమె నంబరు తీసుకుని, కార్లోంచే ఫోన్ చేసింది.

"అమ్మా, ఇక మీ పెన్షన్ ఎవరూ తగ్గించలేరు. మొత్తం వచ్చేలా నేను మాట్లాడతాను."

"ఈ నెల అసలే రాలేదు మేడమ్," అంది అవతలి గొంతు. "నాలుగేండ్లల్లో ఒక్క నెల గూడా తప్పలా. ఆ పెద్దన్న ఎవురో, నేను మనిషిని సూసింది గూడా లేదు. ఫోన్ ఎత్తడంలా."

అనంతలక్ష్మి ఫోన్ పెట్టేసింది.

"గంగాప్రసాద్, రసూల్ పనిచేసింది ఏ కంపెనీ? ఇప్పుడే అక్కడికి పోనీ."

అతను కారు పక్కకు తీసి ఆపాడు.

"నేను, పెద్దన్న, రసూల్ ముగ్గురం ఒక్క రూమే మేడమ్. రసూల్ నిద్రల్నే పోయిండు. డ్యూటీల ఉన్నప్పుడు సావలేదని కంపెనీ చేతులు దులుపుకున్నది. ఇంటికి ఫోన్ చేసి చెప్పింది పెద్దన్న. ఆమె ఏడ్చుడు ఇనలేక, నెలనెలా పెన్షన్ వస్తదని అనేసిండు."

అనంతలక్ష్మి ముందు సీటు వైపు వంగింది.

"ఆమెకు ఎరుకైతే తీసుకోదని, ఎవ్వలకు చెప్పద్దని నాతోని ఒట్టేయించుకున్నడు. మొన్న పెద్దన్న వాళ్లమ్మకు ఆపరేషన్ అయింది. అందుకే సగం అన్నడు."

"మరి... ఇన్నాళ్లూ డబ్బిచ్చిన కంపెనీ?"

గంగాప్రసాద్ అద్దంలో ఆమె ముఖం చూడకుండా అన్నాడు.

"ఆ కంపెనీ పెద్దన్ననే మేడమ్."