వెళ్ళొస్తానన్న బాతు

తామర మడుగులో కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక నియమం ఉంది. మూడొందల పొద్దులు ఏకబిగిన ఉంటేనే గూడు కట్టుకునే హక్కు. మధ్యలో విడిచి వెళ్ళినవాళ్ళ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఆ లెక్క చూసే ఉద్యోగం తాబేలు తాతది. తెలివైనవాడని కాదు, ఎక్కడికీ పోలేడని ఇచ్చారు.

వలస బాతుకి ఇంకా పది పొద్దులే ఉన్నాయనగా కొండ అవతలి నుంచి కబురొచ్చింది. అమ్మ కాలికి ముల్లు దిగిందట, మేత పెట్టే దిక్కు లేదట.

"వెళ్ళొస్తాను తాతా," అని చెప్పి బాతు ఎగిరిపోయింది.

ఎనిమిదో నాడు తిరిగొచ్చేసరికి కప్ప కాచుకుని ఉంది. "వెళ్ళింది కదా! ఒకటి నుంచి మొదలెట్టు తాతా!"

బాతు తల దించుకుంది. గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి మరి.

తాత గొంతు సవరించుకున్నాడు. "ఇల్లు వీపున మోసుకు తిరిగేవాణ్ణి, ఇల్లు విడిచే బాధ నాకేం తెలుసు? నాకు తెలిసిందల్లా మాట. నియమం వెళ్ళినవాళ్ళకి. ఈ పిల్ల వెళ్తానని అననేలేదు, వెళ్ళొస్తానంది. వచ్చింది. ఇంకా రెండు పొద్దులే."

కప్ప గొణుక్కుంటూ నీళ్ళలోకి దూకింది.

"మరి వచ్చేటప్పుడు అమ్మకేం చెప్పావే?" అని మెల్లగా అడిగాడు తాత.

"అక్కడా అదే మాట తాతా. వెళ్ళొస్తాననే చెప్పాను."

తాత తల డిప్పలోకి లాక్కుని చాలాసేపు బయటికి తీయలేదు.