కార్డుకి పేరు మార్చిన పొద్దు

"ఏమే, మా అక్క అలిగిందే! నోరు తెరుచుకుని అలాగే చూస్తోంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు," అని అత్తగారు హాల్లోంచి కేకేసింది.

లోపలి గదిలో కోడలికి ఆ మాట చెవికెక్కితేగా! తెర మీద అక్షరం కదలడం లేదు. మెల్లగా నొక్కింది, గట్టిగా నొక్కింది. ఊహూఁ.

ఆ పిల్ల ఆసుపత్రి కంప్యూటర్ల మంచిచెడ్డలు చూస్తుంది. రక్తపరీక్షల ఫలితాలు ల్యాబు నుంచి ఆపరేషన్ గదికి చేరేది యూనిక్స్ రకం కంప్యూటరు పెట్టె ఒకదాని గుండానే. అందులో నెట్ తీగలు తగిలించే కార్డులు రెండు, పేర్లలో ఒక్క అంకె తేడా. కవల పిల్లల్లా ఏది ఏదో తెలియక అందరూ తికమకపడుతున్నారని, 'ల్యాబు', 'బయట' అని పేర్లు మార్చమన్నాడు పైఅధికారి.

పని చిన్నదే. కానీ మెలకువగా ఉన్న కార్డు కొత్త పేరు పుచ్చుకోదు. నిద్రపుచ్చాలి, పేరు మార్చాలి, మళ్ళీ లేపాలి. అందుకే ఆ పెట్టె ఎదురుగా కూర్చుని చేయాలంటారు. ఈ పిల్ల బద్ధకించి, ఇంటి నుంచే మొదలుపెట్టింది. ఇంట్లో అందరికీ నెట్ పంచే పాత పెట్టెలోకి, తెర మీద ఆజ్ఞలు కొట్టే నల్ల కిటికీ ఒకటి తెరిచి, ముందు అందులో ఆజ్ఞలు సరిచూసుకుంది. పక్కన ఇంకో నల్ల కిటికీలోంచి ఆసుపత్రి పెట్టెలోకి వెళ్ళింది. నిద్రపుచ్చే ఆజ్ఞ కొట్టింది. అంతే, దారి మూసుకుపోయింది! ఏ కార్డు గుండా లోపలికి వెళ్ళిందో ఆ కార్డునే పడుకోబెడితే, ఇక లేపేదెలా?

ఎనిమిదింటికి ఒక పసిదానికి గుండె ఆపరేషన్. రక్తం ఫలితం అందకపోతే డాక్టరు కత్తి ముట్టుకోడు. ల్యాబుకి ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు.

ల్యాప్‌టాప్ సంచిలో కుక్కుకుని, దొరికిన చెప్పులు తొడుక్కుని పరిగెత్తింది.

"నువ్వైనా కాస్త బతిమాలవే. చిన్నప్పటి గాజుల సంగతి ఎత్తానంతే!" అంది అత్తగారు, అక్క మొహం కనిపిస్తున్న ట్యాబ్‌తో అడ్డం వచ్చి.

"మీరే బతిమాలుకోండి అత్తయ్యా! ఇక్కడ నా కొంప మునిగింది!"

బస్సులో దారి పొడుగునా ఆ పసిదే కళ్ళల్లో మెదిలింది. ఉద్యోగం పోతే పోయింది, ఆ తల్లికి ఏమని చెప్పాలి?

రొప్పుతూ ల్యాబులోకి వచ్చి పడేసరికి, అక్కడి పెద్దావిడ కళ్ళద్దాల పైనుంచి చూసింది.

"అదేంటమ్మాయ్, ఒక కాలికి నీలం, ఒక కాలికి నలుపు?"

చూసుకుంటే ఒకటి తనది, ఒకటి అత్తగారిది.

"పాప రిపోర్టు..." అంది.

"ఏడింటికే వెళ్ళింది. అంతా బాగుందన్నారు, ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నారు కూడా."

"అన్నీ వెళ్తున్నాయా?"

"పొద్దుట్నుంచి ఒక్కటీ ఆగలేదు. ఆ హడావుడిలో నీ ఫోన్ ఎవరెత్తుతారే తల్లీ?"

పిల్ల అక్కడే స్టూలు మీద కూలబడి, నవ్విందో ఏడ్చిందో ఆ పెద్దావిడకి తెలియలేదు. లేచి వెళ్ళి చూస్తే కార్డు మెలకువగానే ఉంది, పాత పేరుతోనే. ఎవరు లేపారో మహానుభావులు! ఈసారి బుద్ధిగా పెట్టె ఎదురుగా కూర్చుని, రిపోర్టుల మధ్య సందు చూసి, రెండు కార్డులకీ పేర్లు మార్చి లేపింది. గుండెల మీది బండ దిగింది. మంచినీళ్ళ గ్లాసు ఎత్తింది.

ఫోన్ మోగింది.

"ఏమే, మా అక్క పంతం చూశావా? గంటన్నరైంది. రెప్ప కూడా వేయలేదు!"

గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. మెల్లగా సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి తెరిచింది. పొద్దున కొట్టిన నిద్రపుచ్చే ఆజ్ఞ ఒక నల్ల కిటికీలో ఇంకా అలాగే ఉంది.

ఆ కిటికీ నెత్తిన 'ఇల్లు' అని రాసి ఉంది.