ఎర్రగుడ్డ కట్టిన ఇల్లు

సెమిసి ఇంటి ముందు ఎర్రగుడ్డ వేలాడుతోంది.

పెనియెలి దాన్ని తన ఇంట్లోంచే చూశాడు. నిన్న మధ్యాహ్నం దాకా అది అక్కడ లేదు. ఎవరిదో పాత లుంగీ చించి, రెండు కొబ్బరిచెట్ల మధ్య తాడు లాగి కట్టారు.

సమోవా దీవులంతటా తట్టు పాకింది. టీకా సూది పడని ఇంటి ముందు ఎర్రగుడ్డ కట్టమని సర్కారు చాటించింది. ఆ గుడ్డ చూసి నర్సుల బండి ఆగుతుంది. అదే గుడ్డ చూసి మిగతా జనం రోడ్డుకు అవతలి పక్కగా నడుస్తారు. బడికి తాళం పడింది. వీధిలో పిల్లల కేకలు లేవు. పై ఊరి వడ్రంగి నాలుగు రోజులుగా బల్లలు మానేసి శవపెట్టెలు చేస్తున్నాడు. అన్నీ చిన్నవే.

"వెళ్లొద్దయ్యా," అంది భార్య వాయులా.

ఆదివారం ప్రార్థన అయ్యాక రెండు కుటుంబాలూ కలిసి తినడం పదేళ్ల అలవాటు. ఒక వారం ఇక్కడ, ఒక వారం అక్కడ. ఈ వారం వంతు సెమిసిది.

"మన పిల్లాడికి సూది పడి అయిదు రోజులే అయింది. ఒంటికి పట్టాలంటే రెండు వారాలు పడుతుందని నర్సమ్మ చెప్పలేదూ? కళ్ల ముందు ఎర్రగుడ్డ కనబడుతుంటే ఆ ఇంట్లో ఎలా కూర్చోబెడతావు వీణ్ణి?"

నాలుగేళ్ల కొడుకు ఎలియా చాప మీద ముడుచుకుని ఉన్నాడు. నాలుగు రోజులుగా ఒళ్లు కాలుతోంది. కళ్లు ఎర్రబడ్డాయి. దగ్గుతున్నాడు. మెడ మీద చెమటకాయల్లాంటివి లేచాయి. సూది వేశాక కాస్త జ్వరం తగలొచ్చు, ఒళ్లు పేలినట్టు కావచ్చు, కంగారు పడొద్దని నర్సు ముందే చెప్పింది. వాయులా కంగారు పడలేదు. మందు పనిచేస్తోందని సంబరపడింది.

"సూది పడలేదని ఇన్నాళ్లూ దాచారన్నమాట," అంది మళ్లీ. "నలభై రోజుల పసిదాన్ని ఇంట్లో పెట్టుకుని! కన్నతల్లి, ఆ మరేతాకైనా బుద్ధుండొద్దూ?"

"సెమిసి గాడి సంగతి నీకు తెలియదే. పందిని కోయమంటే కోస్తాడు. సూది చూపిస్తే చెట్టెక్కుతాడు."

పెనియెలి నవ్వాడు గానీ లోపల మండుతూనే ఉంది. పోయిన నెలలో అతనికి కుటుంబ పెద్ద బిరుదు ఇచ్చారు. పెద్ద ఎదుట తప్పెత్తి మాట్లాడకూడదన్నది ఊరి మర్యాద. ఆ రోజు నుంచీ సెమిసి 'ఒరే' అనడం మానేశాడు. కలిసి పడవ లాగినవాడు, ఒకే కొబ్బరిచిప్పలో తాగినవాడు, ఇప్పుడు మాట తూచి వదులుతున్నాడు. మొన్న చేపలు తెచ్చి చాప అంచున పెట్టాడు. పిల్లాణ్ణి ఎత్తుకోబోయి ఆగాడు. కూర్చోకుండానే వెళ్లిపోయాడు.

"వెళ్లకపోతే బిరుదు నెత్తికెక్కిందంటాడు," అన్నాడు పెనియెలి.

"అననీ! పిల్లాడి ప్రాణం కంటే నీ పరువెక్కువా?"

"వాడికి సూది పడిందే మొర్రో! అవతల పసిదాన్ని పెట్టుకుని వాళ్లు గుడ్డ కట్టుకుని కూర్చుంటే, మనం కాక ఎవరు చెబుతారు? రెండు ముద్దలు తిని, నాలుగు చీవాట్లు పెట్టి వచ్చేద్దాం."

చివరికి వాయులా పిల్లాణ్ణి దుప్పటిలో చుట్టింది. "ఎవరి పళ్లెంలోనూ వీడు చెయ్యి పెట్టడానికి వీల్లేదు. ఎవరూ వీణ్ణి ముద్దు పెట్టుకోవడానికి వీల్లేదు. ముందే చెబుతున్నా."

ముగ్గురూ గుడ్డ కింద నుంచి వంగి లోపలికి వెళ్లారు.

మరేతా లేచి నిలబడింది. ఎప్పుడూ ఎదురొచ్చే మనిషి స్తంభాన్ని పట్టుకుని అక్కడే ఉండిపోయింది.

"ఇవాళ... మీరు వస్తారనుకోలేదు అన్నగారూ."

"గుడ్డ చూసి జడుసుకుంటామనుకున్నావా? మేమేం పిరికివాళ్లం కాదమ్మా."

ఆమె ఏదో అనబోయింది. అతని మొహం చూసి, తల వంచి, కొత్త చాప పరిచింది. సిగ్గుపడుతోందనుకున్నాడు పెనియెలి.

"పాప నిద్రపోతోంది వదినా. ఎత్తుకోకండి," అంది.

వాయులా అప్పటికే ఎత్తేసింది. పసిదాన్ని చూసేసరికి ఆమె కోపమంతా కరిగిపోయింది. "అయ్యో నా తల్లీ! ఈ బుద్ధిలేనివాళ్ల కడుపున ఎందుకు పుట్టావే?"

ఎలియా దుప్పటిలోంచి జారి పాప మీదికి వంగాడు. దగ్గాడు. బుగ్గ మీద తడిగా ముద్దు పెట్టాడు.

"ఒరే, దూరం జరుగు!" వాయులా హడలిపోయి కొడుకును వెనక్కి లాగింది. వాడి మూతిని దుప్పటి అంచుతో గట్టిగా తుడిచింది.

మరేతా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

పెరటి పొయ్యి దగ్గర నుంచి సెమిసి చేమదుంపల బుట్టతో వచ్చాడు. చాప మీద ఉన్నవాళ్లను చూశాడు. బుట్ట చేతిలోంచి జారింది. దుంపలు దొర్లుకుంటూ పోయాయి. ఎవరూ ఏరలేదు.

"ఏరా, నీకసలు సిగ్గుందా?" గొంతు పెంచాడు పెనియెలి. "రేపే బండి ఆపించి సూదులు వేయించుకో. ఈ పసిదానికేమైనా అయితే ఎవరిదిరా పాపం?"

సెమిసి పాప తడి బుగ్గనే చూస్తున్నాడు. పెద్ద ఎదుట నిలబడి మాట్లాడకూడదు గనక మోకాళ్ల మీద కూర్చున్నాడు. గొంతు పెంచలేదు.

"బండి వచ్చిన మొదటి రోజే మా ఇంట్లో అందరికీ సూదులు పడ్డాయి పెద్దాయనా, వయసు చాలని ఈ పసిదానికి తప్ప, మొన్న మీ వాడి చెవుల వెనక తట్టు చూశాక, మీ పెద్దరికం ముందు నోరు రాక, మీరు మా ఇంటికి రాకూడదనే ఆ గుడ్డ కట్టాను."