రోజుకో అరగంట

"దాన్ని ముట్టుకోవాకయ్యా!"

కోటిరత్నం కేకకు కరుణాకరం చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

నెట్ నిదానంగా వస్తోందంటే చూడటానికి గిద్దలూరులోని ఆ ఇంటికి వచ్చాడతను. రూటరుకు తగిలించి ఉన్న హార్డ్ డిస్కును పక్కకు జరపబోయాడు.

"వైరు చూద్దామనక్కా. ఒక్క నిమిషం పీకి పెడతా."

"పీకేది లేదు. అందులో నా బిడ్డ ఉంది."

"మా ఇంట్లో దేవుడి పటాలకన్నా దానికే తుడుపు ఎక్కువ," అన్నాడు ఆమె భర్త ప్రభాకరరావు, దుకాణానికి బయలుదేరుతూ. నవ్వుతూనే అన్నాడు గానీ డిస్కు వైపు చూడలేదు.

చిన్నకూతురు హరిచందన విషజ్వరంతో పోయి రెండేళ్లయింది. ఆ పిల్ల పాడినవీ, అలిగినవీ, నాన్న నడకను వెక్కిరించినవీ, వీడియోలన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి. పెద్దకూతురు లక్ష్మీప్రియ హైదరాబాదు నుంచే ఫోన్‌లో వాటిని తెరిచి చూసుకుంటుంది.

చూడటం వరకే. దించుకోవడానికి తల్లి ఒప్పుకోలేదు.

"నా బిడ్డ పది ఫోన్లలో తిరిగేదానికి లేదు," అనేది.

కరుణాకరం డిస్కు దగ్గరకు వంగి, లోపల టిక్కు టిక్కుమంటున్న చప్పుడు విని, దానికేసి చూశాడు.

"ఏంది నాయనా, అట్ల చూస్తన్నావు?"

"ఏం లేదక్కా."

"దానికేమన్నా అయితే నేను బతకను."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఏదో చెప్పబోయి మానుకుని, సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు.

నెలన్నర తర్వాత లక్ష్మీప్రియ ఫోన్ చేసింది.

"అమ్మా, మన డిస్కులోకి ఇంకెవరో వస్తన్నారు. రోజూ మధ్యాహ్నం అరగంట. పేరు కరుణాకరం అని చూపిస్తాంది."

"నెట్టు కరుణాకరమా? మన దాంట్లోకి ఎట్ల వస్తాడు?"

"బిగించింది అతనే కదా. పాస్‌వర్డ్ తెలుసు."

"ఏం చూస్తన్నాడు?"



"మొదట చందన వీడియోలన్నీ దించుకున్నాడు. ఆ తర్వాత మీ పెళ్లి ఫోటోలు, మిగతావి."

ఆ సాయంత్రమే ప్రభాకరరావు అతన్ని ఇంటికి పిలిపించాడు. గడప లోపలికి రానివ్వలేదు.

"చచ్చిపోయిన ఆడపిల్ల బొమ్మలు నీకెందుకురా?"

"తప్పుగా అనుకోవద్దన్నా." కరుణాకరం సంచీలోంచి చేతిగుడ్డలో చుట్టిన చిన్న డిస్కు తీశాడు. "దించినవన్నీ ఇందులోనే ఉండాయి. నా దగ్గర వేరే ఎక్కడా లేవు. ఇంకా రెండు రోజుల పనుంది."

"పనంట పని! సిగ్గులేదూ?"

"అన్నా, మీతో ఒక్క మాట చెప్పాల. అక్క వినకూడదు."

ప్రభాకరరావు ముఖం నల్లబడింది.

"నా బిడ్డ గురించి దాని తల్లి వినకూడని మాట నీ దగ్గరుందా? బెదిరిస్తన్నావా?"

"అట్ల కాదన్నా, ఆ డిస్కు..."

కోటిరత్నం అతని చేతిలోని చిన్న డిస్కు లాక్కుంది. వంటింట్లోంచి అల్లం దంచే రాయి తెచ్చింది. గడప మీద పెట్టి కొట్టింది. పెంకు పగిలింది. లోపలి బిళ్ల ముక్కలయ్యేదాకా కొట్టింది.

"నా బిడ్డను నువ్వు చూసేదానికి లేదు."

కరుణాకరం ఆ ముక్కల ముందు చతికిలబడ్డాడు.

"ఎంత పని చేస్తివక్కా," అన్నాడు. ఇంకేదో చెప్పేలోగా ప్రభాకరరావు అతని చొక్కా పట్టుకుని వీధిలోకి నెట్టాడు.

ఆ పూటే పాస్‌వర్డ్ మార్పించారు.

మరునాడు అతని భార్య ఎలీషబా వచ్చింది. మిరపకోత నుంచి నేరుగా వచ్చినట్టుంది, తలగుడ్డ కూడా విప్పలేదు.

"అమ్మా, అయ్యగారితో ఒక మాట చెప్పి రమ్మన్నాడు మా ఆయన."

"మీ ఆయన మాటలు మాకొద్దు. పో."

"రెండు ముక్కలేనమ్మా..."

కోటిరత్నం కిటికీ మూసేసింది. కాసేపటికి సందులోంచి చూసింది. ఎలీషబా ఎండలో గేటు పట్టుకుని ఇంకా నిలబడే ఉంది. ఆ తర్వాత ఎప్పుడు పోయిందో తెలియదు.

తొమ్మిదో రోజున డిస్కు ఆగిపోయింది.

హైదరాబాదు నుంచి లక్ష్మీప్రియ ఎన్నిసార్లు ప్రయత్నించినా తెరుచుకోలేదు. భార్యాభర్తలు దాన్ని తువ్వాలులో చుట్టుకుని ఒంగోలు పోయారు. మాల్యాద్రి అనే ఆయన కంప్యూటర్ దుకాణంలో ఇచ్చారు. ఆయన మూడు రోజులు దాంతోనే కుస్తీ పట్టి, నాలుగో రోజున వాళ్లను రమ్మన్నాడు.

"బిళ్లంతా గీసుకుపోయిందమ్మా. ఇంక ఏ ఊరికి తీసుకుపోయినా రాదు."

"ఒక్కటన్నా? పాప మాట ఒక్కటి?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఎప్పుడో పోవాల్సింది. ఇన్నాళ్లు నిలవడమే గొప్ప."

"వాడే పాడు చేసినాడు," అంది కోటిరత్నం. "రోజూ దూరంగా కూర్చుని మా డిస్కులో దూరేవాడు."

"ఎంతసేపు?"

"అరగంట."

"అరగంటకు ఆపేసేవాడా?"

"ఆ. మళ్లా మర్నాడే."

మాల్యాద్రి చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"ముందు ఏం దించినాడు?"

"మా పాప వీడియోలు. అవి అయినాకే పెళ్లి ఫోటోలు, మిగతావి."

"ఎవరోగానీ పని తెలిసినోడమ్మా. పోతా ఉన్న డిస్కును ఎక్కువసేపు నడిపితే వేడెక్కి అక్కడికక్కడే ఆగిపోద్ది. రోజుకు కాస్త చదివి, చల్లారనిచ్చి, ముఖ్యమైనవి ముందు బయటికి తెచ్చుకోవాల. చానా ఓపిక కావాల దానికి."

ప్రభాకరరావు బల్ల అంచు పట్టుకున్నాడు. కోటిరత్నం ఒళ్లోని తువ్వాలులో ముఖం దాచుకుంది.

డిస్కు పోయినందుకే ఆమె ఏడుస్తోందనుకున్నాడు మాల్యాద్రి. మంచినీళ్ల సీసా ముందుకు జరిపాడు.

"ఏడవబాకమ్మా," అన్నాడు మెల్లగా, "ఆ మనిషి దగ్గరికి పోండి, మీ పాప ఆయన దగ్గర భద్రంగా ఉంటాది."